‘కాకపోతే’ తర్వాత ఏముంది?

“మనుషులు మంచివాళ్లేనండీ. అద్దె ఏనాడూ ఐదో తారీఖు దాటనివ్వలేదు. కాకపోతే...”

నిజాంపేట రోడ్డులో ఒక డబుల్ బెడ్రూమ్ ఫ్లాటు చూడ్డానికి వెళ్లాం. ఇల్లు నచ్చింది. అద్దె కుదిరింది. అడ్వాన్సు రెండు నెలలన్నారు, సరేనన్నాం. ఓనరుగారి భార్య కాఫీ కూడా ఇచ్చింది. అప్పుడాయన “ఊరికే, ఒక మాట కనుక్కుంటాను” అంటూ మా పాత ఓనరుకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. పైన రాసిన మాటలు ఆ హాల్లో అందరం కలిసే విన్నాం. ‘కాకపోతే’ దగ్గరికి వచ్చేసరికి ఆయన స్పీకర్ తీసేసి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. “ఊ... కింద ఫ్లాట్‌వాళ్లా... అలాగా... ఊ” అనుకుంటూ బాల్కనీలోకి నడిచాడు. నా చేతిలో కాఫీ ఇంకా సగం ఉంది. మా ఆవిడ నా వైపు చూసింది, నేను కాఫీ వైపు చూశాను. తిరిగి వచ్చాక ఆయన ఇల్లు ఇవ్వననలేదు. “మా అబ్బాయినో మాట అడిగి రేపు ఫోన్ చేస్తాను” అన్నాడు. ఆ రేపు ఇవాళ్టికీ రాలేదు.

ఉద్యోగం మారితే రిలీవింగ్ లెటర్ ఇస్తారు. బడి మారితే టీసీ ఇస్తారు. ఇల్లు మారేవాడి చేతికి ఏ కాగితమూ రాదు. పాత ఓనరు నోట్లో ఉన్న రెండు మూడు వాక్యాలే వాడి సర్టిఫికెట్టు. అద్దె సరిగ్గా కట్టడం, గోడలకి ఇష్టమొచ్చినట్టు మేకులు కొట్టకపోవడం లాంటివి మొదటి వాక్యంలో వెళ్లిపోతాయి. వాటిని ఎవరూ రెండోసారి తలుచుకోరు. మన మంచితనమంతా ‘కాకపోతే’కి ముందే అయిపోతుంది. కొత్త ఓనరు చెవులు రిక్కించి వినేది ఆ తర్వాత వచ్చేదాన్నే.

మా విషయంలో ఆ తర్వాత వచ్చింది చప్పుడు. నేను ఆఫీసునుంచి తొమ్మిదిన్నరకి చేరేవాణ్ణి. పదిన్నరకి మిక్సీ. దానికి ముందు వంటగట్టు మీద చిన్న రోట్లో అల్లం వెల్లుల్లి దంచడం. నాలుగేళ్ల మావాడు హాల్లో మూడు చక్రాల సైకిలు తొక్కేవాడు. తిన్నాక డైనింగ్ టేబుల్ కుర్చీలు టైల్స్ మీద కర్రుమంటూ వెనక్కి జరిగేవి. కింది ఫ్లాట్లో రిటైరైన మాస్టారు. తొమ్మిదింటికి నిద్రమాత్ర వేసుకుని పడుకునే మనిషి. ఆయన మొదట పైకొచ్చి నవ్వుతూ చెప్పారు. రెండోసారి నవ్వకుండా చెప్పారు. మూడోసారి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నాలుగోసారి మాతో మాట్లాడకుండా నేరుగా ఓనరుకే ఫోన్ చేశారు.

ఇల్లు చెయ్యిజారిన వారం నేను పాత ఓనరు ఇంటికి వెళ్లాను. కోపంగానే వెళ్లాను, దాచడమెందుకు. ఆయన మాత్రం అమాయకంగా చూశాడు. “నేనేం చెడ్డగా చెప్పలేదే! గొడవలేమైనా ఉన్నాయా అని అడిగాడు. కింద మాస్టారు ఫోన్ చేశారన్నాను. ఉన్నమాటేగా?”

“అది ఎప్పుడో ఆగిపోయింది కదా సార్, ఎనిమిది నెలలైంది.”

“ఆగిందా? నాకెవరు చెప్పారు?”

నిజమే, ఎవరూ చెప్పలేదు. మిక్సీ కింద రబ్బరు షీటు వేశాం, కుర్చీ కాళ్లకి తొడుగులు తొడిగాం, దంచేదంతా పొద్దునకి మార్చాం. మాస్టారు మళ్లీ పైకి రాలేదు. మా లెక్కలో ఆ కథ అంతటితో అయిపోయింది. ఓనరు లెక్కలో మాత్రం ఆ చప్పుడు ఎనిమిది నెలలుగా మోగుతూనే ఉంది. ఫిర్యాదు రెండంతస్తులు దిగి, రోడ్డు దాటి, ఓనరు ఇంటిదాకా వెళ్లింది. దిద్దుబాటు మా గడప కూడా దాటలేదు. ఈ అధ్యాయం రాయడానికి కారణం ఆయన అడిగిన ఆ ఒక్క ప్రశ్నే.

కాబట్టి ఇల్లు మారదామనుకోగానే ప్యాకర్స్ నంబరు వెతకడం కాస్త ఆపి, మీ మీద వచ్చిన మాటలన్నీ ఒకచోట రాసుకోండి. గ్రూపులో వెనక్కి వెళ్లి చదవండి. గేటు దగ్గర వాచ్‌మన్ ద్వారా వచ్చిన కబుర్లు, లిఫ్టులో ఎవరో సగం నవ్వుతూ అన్నవి కూడా లెక్కే. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి. అది నిజమా, మీరేం చేశారు, చేసిన సంగతి ఎవరికి తెలుసు. మా లెక్క నాలుగు ఫిర్యాదులు. మూడు నిజం. ఒకటి మాది కానే కాదు, పక్క ఫ్లాటులో బాత్రూమ్ టైల్స్ పగలగొడుతున్న రోజది. సిమెంటు స్లాబులో ప్రయాణించే చప్పుడు ఎక్కణ్ణుంచి పుట్టిందో చెవి చెప్పలేదు. కింద ఉన్నవాళ్లకి ప్రతి చప్పుడూ సరిగ్గా తమ నెత్తిమీదే పుట్టినట్టుంటుంది. ఆ మాట మాస్టారుతో వాదించాను కూడా. అనవసరం. మూడు నిజమైనప్పుడు నాలుగోదాని మీద వాదిస్తే మొదటి మూడూ ఒప్పుకోనట్టే వినిపిస్తుంది.

చప్పుళ్లలో రెండు జాతులున్నాయి, మందు వేరు గనుక తెలుసుకోవాలి. టీవీ, పాటలు, ఫోన్లో గట్టిగా మాట్లాడటం గాలిలో వెళ్తాయి. తలుపు మూస్తే, సౌండు తగ్గిస్తే చాలావరకు తీరిపోతాయి. రోలు, కుర్చీ, సైకిలు, పరిగెత్తే మడమలు, వాషింగ్ మెషీన్ అదురు స్లాబును పట్టుకుని దిగుతాయి. వీటికి తలుపులు మూసి లాభం లేదు. వస్తువుకీ నేలకీ మధ్య మెత్తనిది ఏదైనా పడాలి. రబ్బరు షీటు, మందపాటి డోర్‌మ్యాటు, కుర్చీ కాళ్లకి ఫెల్టు బిళ్లలు, పిల్లలు ఆడే చోట ఫోమ్ మ్యాట్లు. రోటి కింద పాత టర్కీ టవలు నాలుగు మడతలు వేసినా తేడా తెలుస్తుంది. ఇవన్నీ కలిపి మాకైన ఖర్చు ఇల్లు ఖాళీ చేసిన రోజు ఓనరు రంగులకని పట్టుకున్న సొమ్ములో పదోవంతు లేదు.

చట్టం సంగతి కూడా ఒక మాట. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. పది డెసిబెల్స్ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది గానీ చెవికి దాదాపు రెట్టింపు. అయితే ఈ అంకెల మూలంగా మీ చట్నీ మిక్సీ మీద కేసు పెట్టడానికి ఎవరూ మీటరు పట్టుకుని రారు. అవి ముఖ్యంగా మైకులకీ, డీజేలకీ, జనరేటర్లకీ పనికొచ్చే అంకెలు. ఇంటిగొడవల్లో వాటివల్ల వచ్చే లాభం ఒకటే, రాత్రి పది అన్న గీత. “మీరు మరీ తొమ్మిదింటికే పడుకుంటే ఎలా” అని మనమూ, “మీరు అర్ధరాత్రిదాకా దంచితే ఎలా” అని వాళ్లూ లాక్కుంటున్నప్పుడు మూడో మనిషి గీసిన గీత ఇద్దరికీ మర్యాద. మేం పదికి ఆపుతాం అని మాటిచ్చాక మాస్టారు తొమ్మిదిన్నర గురించి మళ్లీ ఎత్తలేదు.

ఇక పాత ఓనరు. మనలో చాలామంది ఆయన దగ్గరికి వెళ్లేది అడ్వాన్సు వెనక్కి తీసుకోవడానికే. సున్నాలు, రంగులు, పగిలిన కమోడ్ మూత మీద వాదులాట సరిగ్గా కొత్త ఓనరు ఫోన్ చేసే వారంలోనే జరుగుతుంది. ఆయన పిడికిట్లో మన డబ్బూ ఉంది, మన పేరూ ఉంది. ఒకటి లాగుతుంటే రెండోది నలుగుతుంది. వీలైతే ఈ రెండు పనుల్నీ విడదీయండి. ముందు పేరు, తర్వాత డబ్బు. ఖాళీ చేస్తామని చెప్పడానికి వెళ్లిన రోజే, ఇంకా లెక్కలు మొదలుకాకముందే, సూటిగా అడగండి: “సార్, ఎవరైనా మా గురించి ఫోన్ చేస్తే ఏం చెబుతారు?” ఇది అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. నేను కుర్చీలో రెండుసార్లు సర్దుకుని గానీ అడగలేకపోయాను. కానీ ఆ ప్రశ్న వినగానే మనిషి ఆలోచనలో పడతాడు. అప్పటిదాకా ఎవరో అడిగితే నోటికొచ్చింది చెబుదామనుకున్నవాడు ఏం చెప్పాలో మొదటిసారి తూచుకుంటాడు.

రాసిమ్మంటే మా ఓనరు “నాకు రాయడం రాదయ్యా, నువ్వే రాసి పంపించు, నేను ఫార్వర్డ్ చేస్తా” అన్నాడు. చాలామంది అనేది ఇదే. దీన్ని అదృష్టం అనుకుని పొగడ్తలు దట్టించకండి. నేను రాసింది ఇంతే: “వీరు మా ఫ్లాటులో రెండేళ్ల మూడు నెలలు ఉన్నారు. అద్దె, మెయింటెనెన్సు ఎప్పుడూ బాకీ లేదు. మొదట్లో రాత్రిపూట చప్పుడు గురించి కింది ఫ్లాటునుంచి ఫిర్యాదులొచ్చాయి. వీరు సర్దుబాటు చేసుకున్నాక గత ఎనిమిది నెలలుగా ఏ ఫిర్యాదూ లేదు. నెల ముందు చెప్పి ఖాళీ చేస్తున్నారు.” ఆయన చదివి, “ఫిర్యాదు సంగతి నువ్వే రాశావేంటి, తీసేయమంటావా?” అన్నాడు. వద్దన్నాను. అది తీసేస్తే మళ్లీ ‘కాకపోతే’ అని ఫోన్లో వస్తుంది. రాతలో ఉంటే దాని పక్కనే ఎనిమిది నెలలు కూడా ఉంటాయి. ఆయన ఊరికే ఫార్వర్డ్ చేయలేదు. అక్కడే మాస్టారుకి ఫోన్ చేసి “నిజమేనా” అని కనుక్కుని మరీ చేశాడు. మాస్టారు ఏమన్నారో నాకు వినపడలేదు. ఓనరు మాత్రం నవ్వాడు.

కింది ఇంటివాళ్ల దగ్గరికి కూడా వెళ్లి రండి. వెళ్లేముందు నాకూ మనసొప్పలేదు. నాలుగుసార్లు మన మీద చెప్పినవాళ్ల గుమ్మం ముందు నిలబడటం సులువు కాదు. కానీ కొత్త ఓనర్లలో తెలివైనవాళ్లు పాత ఓనరుకి ఫోన్ చేసి ఊరుకోరు. సాయంత్రం స్కూటర్ మీద మీ పాత అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వచ్చి వాచ్‌మన్‌నీ, కింది ఇంటివాళ్లనీ అడిగి వెళ్తారు. పెళ్లి సంబంధాల వాకబు ఎలా జరుగుతుందో ఇదీ అలాగే.

కొత్త ఓనరుకి ఎప్పుడు చెప్పాలి? అద్దె మాట్లాడుకోకముందే కాదు, అప్పటికి ఆయనకి మీరెవరో తెలీదు. అగ్రిమెంటు మీద సంతకం చేశాక అసలే కాదు. ఇల్లు నచ్చిందని ఇద్దరూ అనుకున్నాక, ఆయన పాత ఓనరు నంబరు అడిగే లోపల. రెండోసారి నేను మాట్లాడింది ఇంచుమించు ఇలా ఉంది: “సార్, నంబరిస్తాను. దానికి ముందు ఒక సంగతి నేనే చెబుతాను. అక్కడ మొదట్లో కింద ఉన్నవాళ్లు మా చప్పుడు గురించి మూడు నాలుగుసార్లు కంప్లయింట్ చేశారు. తప్పు మాదే. రాత్రి పదిన్నరకి మిక్సీ, పిల్లాడి సైకిలు. తర్వాత సరిచేసుకున్నాం. కింది మాస్టారు నంబరు కూడా ఇస్తాను, ఆయన్నే అడగండి.” ఓనరు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒకే ఒక్కటి అడిగాడు: “పిల్లాడికిప్పుడు ఎన్నేళ్లు?” ఆరు అన్నాను. “అయితే సైకిలు బయట తొక్కుతాడు” అన్నాడు.

ఆయన ఎవరికీ ఫోన్ చేయలేదని తర్వాత తెలిసింది. ఫిర్యాదు చేసిన మనిషి నంబరు మనమే చేతిలో పెట్టాక ఫోన్ చేయాలన్న ఆత్రం ఎందుకో తగ్గుతుంది. మీకూ అలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను. చేసేవాళ్లు చేస్తారు, చేస్తే మంచిదే.

ఓనరు భయం ఏమిటో తెలిస్తే ఇదంతా అర్థమవుతుంది. చప్పుడు ఆయనకి వినపడదు. ఆయన విజయవాడలోనో, వేరే కాలనీలోనో ఉంటాడు. ఆయన భయపడేది రాత్రి పదకొండింటికి మోగే తన ఫోనుకి. “మీ టెనెంట్లు చూడండి సార్” అని అసోసియేషన్ సెక్రటరీ మొదలుపెట్టే మాటకి. అందుకని చప్పుడు చేయబోమని ప్రమాణాలు చేయడం కంటే, “దిగిన రోజే కిందా పక్కా ఇళ్లవాళ్లకి నా నంబరు ఇస్తాను, ఏదున్నా ముందు నాకే చెబుతారు” అనండి. అన్నాక నిజంగా ఇవ్వండి.

చేయకూడనివి రెండున్నాయి. స్నేహితుడి నంబరిచ్చి పాత ఓనరని చెప్పడం మొదటిది. నాకు తెలిసిన కుర్రాడొకడు ఇదే చేస్తే, కొత్త ఓనరు ఫోన్లో “మీ ఫ్లాటుకి మెయింటెనెన్సు ఎంత కడుతున్నారండీ?” అని అడిగాడట. స్నేహితుడు “వాణ్ణి కనుక్కుని చెబుతా” అన్నాడు. రెండోది కింది ఇంటివాళ్లని తిట్టడం. “ముసలాయనకి చాదస్తమండీ” అని మీరంటున్నప్పుడు వినేవాడికి తన అపార్ట్‌మెంట్లో ఉన్న ముసలాయన గుర్తొస్తాడు. ఒక్కోసారి వినేవాడే ఆ ముసలాయన.

ఇప్పటిదాకా రాసింది ఫిర్యాదులో నిజమున్నవాళ్ల కోసం. మన ఊళ్లలో చప్పుడు అన్నది చాలాసార్లు వేరే దేనికో పెట్టిన మర్యాదపేరు. బ్యాచిలర్లంటే గిట్టదు, నైట్ షిఫ్టుకి వెళ్లొచ్చే ఆడపిల్ల అంటే అనుమానం, వంటింట్లోంచి వచ్చే చేపలపులుసు వాసన పడదు, ఇంటిపేరు విని కులం ఆరా తీస్తే నచ్చదు, మతం నచ్చదు. ఇవి పైకి అనలేరు గనుక “మీ ఇంట్లో సౌండ్ ఎక్కువండీ” అంటారు. గుర్తుపట్టడం కష్టం కాదు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏం చప్పుడు అని వినయంగా అడగండి. నిజమైన ఫిర్యాదుకి ఈ మూడింటికీ జవాబుంటుంది. మా మాస్టారు నిమిషాలతో సహా చెప్పేవారు. రెండో రకానికి “ఎప్పుడూ అంతే” అన్నదే జవాబు. అలాంటి చోట ఫెల్టు బిళ్లలు అంటించుకుంటూ కూర్చుంటే ఏదీ మారదు. అడిగినదీ, వచ్చిన జవాబూ వాట్సాప్‌లో ఉండేలా చూసుకోండి. కొత్త ఓనరుతో చేయని తప్పు ఒప్పుకోకండి. “ఫలానా రోజు ఏం చప్పుడని అడిగాం, చెప్పలేదు” అన్నంతవరకే చెప్పండి. పసిపిల్ల ఏడ్చిందని ఫిర్యాదొస్తే దానికి సంజాయిషీ అక్కర్లేదు.

మాటలు ఓనరు దగ్గర పేరుకోకుండా చూసుకోవడానికి పదకొండు నెలల అగ్రిమెంటు అక్కరకొస్తుంది. ఏడాది దాటిన లీజుని రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చెందుకని అందరూ పదకొండుకి ఆపుతారు. దానివల్ల ఏటా ఒకసారి ఓనరు ఎదురుగా కూర్చోక తప్పదు. అద్దె ఎంత పెంచుతారన్న బేరం అయ్యాక “మా మీద మీదాకా వచ్చిన మాటలేమైనా ఉన్నాయా సార్” అని అడిగి, ఉన్నవాటిని అక్కడికక్కడే ముగించుకోండి. వెళ్లిపోయే నెలదాకా ఆగితే మా కథే అవుతుంది.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక పేరా. అక్కడ ఇదంతా కాగితం మీద నడుస్తుంది. పాత అపార్ట్‌మెంట్ ఆఫీసుకి ఫారం వెళ్తుంది. ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నారు, అద్దె ఎన్నిసార్లు ఆలస్యమైంది, లీజు ఉల్లంఘన నోటీసులేమైనా ఇచ్చారా, మళ్లీ ఇల్లిస్తారా లాంటివి అడుగుతారు. చాలా అపార్ట్‌మెంట్లు చెక్క చట్రాల మీద కట్టినవి, మామూలుగా నడిచినా కింద వినపడుతుంది. నలుగురు కుర్రాళ్లు ఒకే లీజు మీద సంతకం చేస్తే, ఒకడి పుట్టినరోజు పార్టీకి వచ్చిన నోటీసు సాధారణంగా నలుగురి ఫైల్లోనూ చేరుతుంది. నోటీసు వచ్చిన వారంలోనే ఏం సరిదిద్దుకున్నారో ఈమెయిల్ చేసి ఉంచుకోమనండి. స్క్రీనింగ్ కంపెనీ రిపోర్టు చూసి ఇల్లు నిరాకరిస్తే, ఆ సంగతీ ఆ కంపెనీ పేరూ చెప్పాలని 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం అంటుంది. 60 రోజుల్లోపు అడిగితే రిపోర్టు నకలు ఉచితం. అందులో తప్పుంటే అభ్యంతరం పెట్టొచ్చు, కంపెనీ మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. మన కాఫీ, బాల్కనీ పద్ధతికి అలాంటి అప్పీలు లేదు.

కొత్త ఇల్లు చూసేటప్పుడు వాస్తు, నీళ్లు, పార్కింగ్ చూస్తాం. కింద ఎవరున్నారో కూడా చూడండి. చిన్నపిల్లలున్నవాళ్లకి స్టిల్ట్ పార్కింగ్ పైన ఉండే మొదటి అంతస్తు వరం. కింద కార్లు తప్ప ఎవరూ పడుకోరు. మేం ఇప్పుడుంటున్నది అలాంటిదే. దిగిన రోజు రాత్రి పదకొండింటికి మా ఆవిడ అల్లం దంచబోయి, చెయ్యి గాల్లోనే ఆపి, “కింద ఎవరూ లేరు కదూ?” అంది. లేరన్నాను. అయినా టవలు మడిచి రోటి కింద పెట్టింది.

కిందటి దసరాకి మాస్టారు ఫోన్ చేశారు. శుభాకాంక్షలయ్యాక కాసేపు ఆగి, “మీ ఫ్లాట్లోకి కొత్తవాళ్లొచ్చారు. మంచివాళ్లే. కాకపోతే...” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, మిక్సీ కింద వేసిన ఆ రబ్బరు షీటు ఎక్కడ కొన్నానని అడిగారు. రాణిగంజ్‌లో అని చెప్పాను. ఎంత మందమో కూడా రాసుకున్నారు.